నాన్న పని మీద సంతకం

ఉదయం ఆరున్నర. ముందుగదిలో కుట్టుమిషను ఆగి ఆగి నడుస్తోంది. తల్లి దర్జీ. ఆ వారాంతానికి నలభై బడి యూనిఫారాలు అప్పజెప్పాలి. తండ్రి వంటగది గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతున్నాడు. కూతురు జుట్టు ముడేసుకుంటూ టిఫిన్ డబ్బా మూత కోసం వెతుకుతోంది.

"చిట్టీ, ఈ సూదిలో దారం ఎక్కించి పోవే" అంది తల్లి.

"అది నాన్న డ్యూటీ కదమ్మా. నేను మిషను మీద చెయ్యేస్తేనే కసిరేదానివి."

"బస్సు టైమవుతోంది" అంటూ తండ్రి బూట్ల దగ్గరికి నడిచాడు.

"నువ్వే ఎక్కించు. వేళ్ళేం అరిగిపోవులే" అంది తల్లి, తలెత్తకుండా.

కూతురు ఒక్క క్షణంలో దారం ఎక్కించేసి, మూత దొరికిన సంతోషంలో తండ్రి వెనకాలే మెట్లు దిగింది. తర్వాత ఎన్నో రోజులు ఆమె ఆ ఉదయాన్ని తలుచుకుని కుమిలిపోయింది. ఆ ఒక్క నిమిషం ఆగి వాళ్ళిద్దరి మొహాలూ చూసి ఉంటే చాలు, తెలిసిపోయేది.

తండ్రి విమానాల మెకానిక్కు. ముప్ఫై ఏళ్ళుగా ఒకే హ్యాంగర్లో, విమానాలు బాగుచేసే పెద్ద షెడ్డులో, పని. అందరూ పెద్దాయన అంటారు. కూతురు అదే హ్యాంగర్లో లైసెన్సున్న ఇంజనీరుగా చేరి ఐదు నెలలైంది. వరస చూస్తే తండ్రే పెద్ద. పనిలో మాత్రం కూతురిది పైచేయి. మెకానిక్కు పని చేస్తాడు. ఇంజనీరు దాన్ని తన కళ్ళతో చూసి, సరిగ్గా ఉందని సంతకం పెట్టాలి. ఆ సంతకం పడనిదే విమానం హ్యాంగరు గడప దాటదు.

ఆ లైసెన్సు ఆమెకి ఊరికే రాలేదు. ఇంటర్లో లెక్కలూ ఫిజిక్సూ, ఆ పైన ట్రైనింగు కాలేజీ, పన్నెండు పరీక్షలు. ప్రతి పరీక్షలో డెబ్బై ఐదు మార్కులు తెచ్చుకోవాలి, ఒక్కటి తగ్గినా మళ్ళీ రాయాలి. అది అయ్యాక రెండేళ్ళ పాటు పని నేర్చుకుంటూ, చేసిన ప్రతి పనినీ లాగ్‌బుక్కులో రాసి పై ఇంజనీరు చేత సంతకం పెట్టించుకోవాలి. కానీ అసలు చదువు ఆమెకి ఇంట్లోనే మొదలైంది. ఏడేళ్ళప్పుడు తండ్రి ఆమె కళ్ళకి తువ్వాలు కట్టి, చేతిలో ఒక్కో రెంచీ పెట్టి, ఏ సైజో చెప్పమనేవాడు. నట్లు కదలకుండా కట్టే సన్నటి తీగని రెండు పోగులూ సమానంగా మెలితిప్పడం పదేళ్ళకే వచ్చింది. "వేలితో తడిమి చూడు, కంటితో చూడు, పుస్తకంలో ఏముందో చూడు. మూడూ ఒకటే చెబితేనే పని అయినట్టు" అనేవాడు.

ఆయన మాత్రం లైసెన్సు తీసుకోలేదు. ఎప్పుడో ఐదు పరీక్షలు రాసి వదిలేశాడు. ఎందుకని అడిగితే "చేతిలో పనున్నోడికి కాగితమెందుకే" అనేవాడు. కూతురికి లైసెన్సు వచ్చిన రోజు ఆ కాగితాన్నే పట్టుకుని వీధి వీధంతా తిరిగొచ్చాడు.

హ్యాంగరు గేటు దాటగానే నాన్న ఆమెకి 'మీరు' అయిపోతాడు. ఆయన కూడా అందరి ముందూ "ఇంజనీరుగారూ" అని పిలుస్తాడు. ఆ పిలుపులో సగం ఆటపట్టింపు, సగం గర్వం.

ఆ రోజు వాళ్ళ ముందున్న విమానానికి ముందుచక్రం కాలి మీది లంకె మార్చాలి. చక్రం పక్కలకి తిరిగిపోకుండా పట్టి ఉంచేది అదే. లంకెని ఒక లావాటి బోల్టు పట్టుకుంటుంది. బోల్టుకి నట్టు బిగించి, నట్టు వదులవకుండా దాని గాడిలోంచి, బోల్టుకున్న రంధ్రంలోంచి ఒక పిన్ను దూర్చి, పిన్ను కొసలు వంచాలి. పెద్దాయనకి అది కొట్టిన పిండి. పదకొండింటికల్లా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"అయిపోయింది ఇంజనీరుగారూ."

"అప్పుడేనా?" కూతురు సంతకం పెట్టాల్సిన పని కాగితం, టాస్క్ కార్డు, తీసింది. పక్క విమానం దగ్గర ఆమె కోసం ఇంకో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. జేబులోంచి పెన్ను తీయబోతే అది వేళ్ళ మధ్య నుంచి జారి, నేల మీద టకటకమంటూ దొర్లి చక్రం వెనక్కి పోయింది.

ఆమె వంగి చక్రం వెనక చెయ్యి పెట్టింది. పెన్ను దొరికింది. తలెత్తితే లంకె కళ్ళ ముందే ఉంది. పిన్ను ఉంది, కొసలు కూడా వంగే ఉన్నాయి. కానీ ఏదో తేడాగా కనిపించింది. టార్చి వేసి, చూపుడువేలితో తాకింది. పిన్ను ఊడి ఆమె అరచేతిలో పడింది. అది రంధ్రంలోకి వెళ్ళనే లేదు. నట్టు గాడిలో ఊరికే ఆనుకుని ఉంది.

పక్కనే నలుగురు మెకానిక్కులు ఉన్నారు, షిఫ్టు ఇన్‌ఛార్జి కూడా ఉన్నాడు.

"ఇది లోపలికి వెళ్ళలేదండీ" అంది.

"వెళ్ళిందే. నేనే పెట్టాను."

"వెళ్ళి ఉంటే నా చేతిలోకి ఎలా వచ్చింది?" ఆమె గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా పలికింది. "మొత్తం విప్పండి. ఈసారి మీరు కాదు, వేరేవాళ్ళు బిగిస్తారు."

ఎవరూ కదల్లేదు. పెద్దాయన పనిని విప్పమనడం ముప్ఫై ఏళ్ళలో అక్కడెవరూ వినలేదు. ఆయన కూతురి చేతిలోని పిన్ను కేసి కాసేపు చూశాడు. రెంచీ కింద పెట్టి, చేతులు కడుక్కునే చోటికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం బస్సులో వాళ్ళిద్దరూ ఎప్పుడూ పక్కపక్కన కూర్చుంటారు. ఆ రోజు కూతురు ముందుకెళ్ళి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. తల్లి కుట్టిన చొక్కాలు మడతపెడుతోంది. ఇద్దరి మొహాలూ చూడగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏమైంది?"

"మీ అమ్మాయినే అడుగు. ఈరోజు నలుగురిలో నా పరువు తీసింది" అన్నాడు తండ్రి, కుర్చీలో కూలబడుతూ.

"పరువు గురించి కాదు నాన్నా. ఆ పిన్ను అలాగే ఉండి, నట్టు ఊడి ఉంటే? దిగేటప్పుడు చక్రం అడ్డం తిరిగితే? అందులో నూట ఎనభై మంది ఉంటారు."

"నాకు చెబుతున్నావా? నీకు రెంచీ పట్టుకోవడం నేర్పింది ఎవరు?"

"నువ్వే. అందుకే అడుగుతున్నా. నీ చేతికి అలాంటి తప్పు రాదు. నీకేమైంది?"

"ఏమీ కాలేదు. తొందరపెట్టారు, తొందరలో చేశాను."

కూతురు అటూ ఇటూ చూసింది. కుట్టుమిషను మీద దారపుకండె కనిపించింది. పొద్దున జరిగింది గుర్తొచ్చింది. లేచి ఒక సూదీ, దారం కొసా తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

"ఎక్కించు నాన్నా."

"వేషాలేస్తున్నావా?"

"ఒక్కసారి ఎక్కించు. నేనేమీ అనను."

ఆయన సూదిని ముట్టుకోలేదు. కూతురు తల్లి వైపు తిరిగింది. తల్లి చొక్కా అంచుని వేళ్ళతో సాగదీస్తూ కూర్చుంది.

"నీకు తెలుసా అమ్మా?"

తల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏడాది దాటిందే. ముందు ఎడమ కన్ను మసకబారింది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, చీటీ రాస్తే కంపెనీకి తెలిసిపోతుంది, పనిలోంచి తీసేస్తారన్నారు. మొన్న కంపెనీవాళ్ళ కళ్ళ పరీక్షప్పుడు…" ఆగిపోయింది.

"పరీక్షప్పుడు ఏంటి?"

"ఆ అక్షరాల పట్టీ ఆయనే ఎక్కడో సంపాదించుకొచ్చారు. నేనే కూర్చుని వరసగా అప్పజెప్పించాను. ఎక్కాలు చెప్పించినట్టు. తప్పేనే. ఆయన మొహం చూడలేక చేశాను."

కూతురికి కోపం తన్నుకొచ్చింది. "ఇద్దరూ కలిసి ఇంత దాచారా? ఇదేమైనా ఇంట్లో పగిలిన గిన్నె అనుకున్నారా? లైసెన్సు లేకపోయినా నీకు నిజాయితీ ఉందనుకున్నాను నాన్నా. ఈ పనికి కావలసిన మొదటి అర్హత అదేనని నాకు నువ్వే చెప్పావు. ఇవాళ నేను చూడబట్టి సరిపోయింది. లేకపోతే?"

తండ్రి నెమ్మదిగా తలెత్తాడు.

"నువ్వు చూడ్డానికే వంగావా అమ్మాయ్?"

ఆమె సూదినీ దారాన్నీ వెనక్కి తీసుకుంది.

"నాకు కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. పెన్ను పడిన చప్పుడు విన్నాను. కార్డు తెరిచిన చప్పుడూ విన్నాను. నువ్వు సంతకం పెట్టబోతున్నావు."

కూతురు ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయింది. పొద్దుటి నుంచి తను తనకే చెప్పుకోకుండా దాచుకున్న మాట అది. ఐదు నెలలుగా తండ్రి చేసిన పనుల్లో ఎన్నింటిని వంగి చూసింది? మొదటి నెలలో రెండో మూడో. తర్వాత ఆయన అయిపోయిందనగానే సంతకం పెట్టేసేది. నాన్న చేశాడంటే ఇంక చూడాల్సిందేముందనిపించేది. చూస్తే ఆయన చిన్నబుచ్చుకుంటాడనీ అనిపించేది.

"పోయిన నెల ఇంకో విమానానికి ఇదే లంకె మార్చావు" అంది గొణుగుతున్నట్టు. "దాని మీద సంతకం నాదే."

"నాకు తెలుసు."

"అది రోజూ ఎగురుతోంది నాన్నా."

అంతసేపూ తన ఉద్యోగం, తన పరువూ అనుకుంటూ కూర్చున్న మనిషికి, ఆ ఒక్క మాటతో ఆ విమానం కిటికీల వెనక కూర్చున్న మొహాలు గుర్తొచ్చినట్టయింది. కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాడు.

"ఫోను తీయి. క్వాలిటీ మేనేజరుకి ఇప్పుడే చెబుదాం. రేపటిదాకా ఆగొద్దు."

"నేను చేయనా?"

"నంబరు నువ్వు కలుపు, నాకు కనబడదు. మాట నేను మాట్లాడతా."

ఆయన నిలబడే మాట్లాడాడు. ఏడాదిగా చూపు తగ్గిందనీ, పరీక్షలో మోసం చేశాననీ, ఏ విమానానికి ఏ పని చేశాడో నెలల వారీగా, ఎక్కడా తడుముకోకుండా చెప్పాడు. ఆయన మాట పూర్తవుతుండగానే కూతురు ఫోను అందుకుంది. "ఆ విమానం మీద సంతకం నాది మేడమ్. నేను చూడకుండా పెట్టాను" అంది. తల్లి ఇద్దరికీ మధ్య నిలబడి, ఎవరి భుజం మీద చెయ్యి వేయాలో తెలియక రెండు చేతులూ కట్టుకుంది.

ఆ విమానాన్ని ఆ సాయంత్రమే తర్వాతి ప్రయాణానికి వెళ్ళకుండా ఆపారు. మర్నాడు ఉదయం తండ్రీ కూతుళ్ళు క్వాలిటీ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని ఉండగా షిఫ్టు ఇన్‌ఛార్జి వచ్చాడు. చేతిలో ఒక ఫోటో ఉంది. ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"పిన్ను లేదు. ఎక్కడో రాలిపోయింది. నట్టు రెండు చుట్లు వదులైంది. ఇంకో చుట్టు తిరిగి ఉంటే…" అని ఆగాడు. పెద్దాయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో ఆయనా ఒకడు. "ఎందుకు చెప్పలేదు పెద్దాయనా? కళ్ళు కనబడ్డం లేదంటే మేం చూసుకోమా? నీకు వేరే పని ఇవ్వమా?"

పెద్దాయన ఫోటో అందుకున్నాడు. మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టి చూశాడు. ఆయనకి అందులో ఏమీ కనబడలేదు. కూతురు ఆయన వేలు పట్టుకుని ఫోటో మీద ఆ ఖాళీ రంధ్రం ఉన్న చోట ఆనించింది. అప్పుడు ఆయన ఏడ్చాడు. తండ్రి ఏడవడం ఆమె చూసింది అదే మొదటిసారి.

విచారణ రెండు వారాలు సాగింది. పెద్దాయన చేసిన పనులన్నీ మళ్ళీ విప్పి చూశారు. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయన్ని హ్యాంగరు పనిలోంచి తప్పించారు. కూతురి సంతకం అధికారాన్ని ఆర్నెల్లు ఆపేశారు. అన్నాళ్ళూ ఆమె వేరే ఇంజనీరు కింద మామూలు మెకానిక్కుగా పని చేయాలి. తర్వాత మళ్ళీ పరీక్ష. వాళ్ళంతట వాళ్ళే ముందుకొచ్చి చెప్పారు కాబట్టి ఇంతటితో పోయిందని మేనేజరు అంది. తగ్గిన శిక్ష వాళ్ళిద్దరికీ ఊరటనివ్వలేదు.

కళ్ళాసుపత్రికి ముగ్గురూ వెళ్ళారు. డాక్టరు చాలాసేపు చూసింది.

"కుడి కంటికి శుక్లం. ఆపరేషన్ చేస్తే బాగా కనిపిస్తుంది. ఎడమ కంటికి నీటికాసులు. లోపలి నరం దెబ్బతింది. పోయిన చూపు తిరిగి రాదు."

"ముందే వచ్చి ఉంటే?" అని అడిగింది తల్లి.

డాక్టరు కాగితం మీద నుంచి తలెత్తింది. "ఏడాది క్రితం వచ్చి ఉంటే రోజూ చుక్కలు వేసుకుంటే ఆగిపోయేదమ్మా. ఉద్యోగం కూడా చేసుకునేవారేమో."

తల్లి బయటికి నడిచింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయింది. "ఆ పట్టీ బట్టీ పట్టించిన సాయంత్రాలే ఈ ఆసుపత్రికి తీసుకొచ్చి ఉంటే" అంది. ఆ మాటే మూడుసార్లు అంది. భర్త ఆమె పక్కన కూర్చుని, "బట్టీ పట్టింది నేను. నీదేముంది" అన్నాడు. ఆమెకి ఆ మాట ఎక్కలేదు.

కూతురు వాళ్ళకి ఒక మెట్టు కింద కూర్చుంది.

"నాన్నా, ఆ రోజు అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది."

"అనడం తప్పు కాదు. నీ స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి." ఆయన ఆమె తల నిమిరాడు. "బస్సులో నా పక్క సీటు వదిలేసి ముందుకెళ్ళి కూర్చున్నావు చూడు, దానికి ప్రాణం ఉసూరుమంది."

ఆమె ఆయన మోకాలి మీద తల ఆనించింది. తండ్రే మళ్ళీ మాట్లాడాడు.

"ఒకటి చెప్పనా. నేను పరీక్షలు ఊరికే వదిలెయ్యలేదు. ఆరో పేపరు మూడుసార్లు తప్పాను. పనిలో మనుషులు పొరపాట్లు ఎందుకు చేస్తారనే పేపరు. అలసట, తొందర, గర్వం, భయం, అవన్నీ అందులో ఉంటాయి. అంతకుముందు నట్లూ బోల్టులూ ఉన్న ఐదు పేపర్లూ గట్టెక్కాను. అదొక్కటి నాకు బుర్రకెక్కలేదు. చదవడానికి ఏముంది ఇందులో అనుకునేవాణ్ణి. తప్పానని చెప్పుకోవడానికి నామోషీ వేసి కాగితమెందుకన్నాను."

"నాకు అందులో తొంభై రెండు మార్కులొచ్చాయి నాన్నా" అంది కూతురు. ఆ మాట అన్నాక ఆమెకి సిగ్గేసింది. మార్కులు తెచ్చుకుంది గానీ, అందులో రాసిన ఏ ఒక్కటీ తన ఇంట్లో వాళ్ళకీ తనకీ జరుగుతుందని అనుకోలేదు.

కుడి కంటికి ఆపరేషన్ అయిన నెలకి పెద్దాయన తన పనిముట్లు అప్పజెప్పడానికి చివరిసారి హ్యాంగరుకి వచ్చాడు. కూతురు ఆ రోజు షిఫ్టులోనే ఉంది, ఆయనతో పాటు స్టోరు దాకా వచ్చింది. అప్పటికి రెండు నెలలుగా ఆమె బిగించిన ప్రతి నట్టునీ ఇంకో ఇంజనీరు వంగి, టార్చి వేసి చూస్తున్నాడు. మొదట్లో మొహం మాడ్చుకునేది. ఇప్పుడు తనే టార్చి పట్టుకుని చూపిస్తోంది.

స్టోరు గుమాస్తా పాతకాలం మనిషి. పెద్దాయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. పనిముట్ల పెట్టె మూత తీయబోతున్న కూతుర్ని ఆపాడు.

"పెద్దాయన పెట్టె కదమ్మా, మళ్ళీ చూడ్డమెందుకు. అన్నీ ఉంటాయి. సంతకం పెట్టేయండి చాలు."

కౌంటరు మీద రిజిస్టరు తెరిచి పెన్ను అందించాడు. పెద్దాయన పెన్ను తీసుకోలేదు.

"వద్దు బాబూ. మా అమ్మాయి చూస్తుంది. ఒక్కొక్కటీ బయటికి తీసి చూస్తుంది. నేనాగుతాను."

కూతురు ఆయన వైపు చూసింది.

"ఇన్నేళ్ళూ నా పనిని ఎవరూ తిరిగి చూడకపోవడమే గౌరవమనుకున్నానే" అన్నాడు తండ్రి, గుమాస్తాకి వినబడనంత మెల్లగా. "ఒక్కడు చూసినా పోయిన ఏడాదే బయటపడేది. నా కన్నూ దక్కేది. ఆ విమానమూ అలా ఎగిరేది కాదు."

ఆమెకి కళ్ళు మసకబారాయి. చేతి వెనక వైపుతో తుడుచుకుని, పెట్టె మూత ఎత్తింది. మొదటి రెంచీ తీసి, దాని మీద చెక్కిన నంబరు పైకి చదివింది. గుమాస్తా విధిలేక జాబితాలో వెతికి టిక్కు పెట్టాడు. రెండోది తీసింది. పెట్టెలో నూట ఆరు వస్తువులున్నాయి. బయట ఎవరో ఆమెని పని మీద పిలిచారు.

"ఇది పూర్తయ్యేదాకా ఆగమనండి" అంది కూతురు, మూడో నంబరు చదువుతూ.